మగ్దలేనే మరియ: ఒక పేరు, ఒక క్రియాపదము

తెలుగునాట క్రైస్తవ కుటుంబములలో, అందును విశేషముగా కథోలిక కుటుంబములలో, ఆడుబిడ్డలకు పెట్టెడి పేర్లను పరిశీలించినవారికి ఒక విషయము గోచరించును. మరియమ్మ, మార్తమ్మ, అన్నమ్మ అను పేర్లతోపాటు మగ్దలేనమ్మ, మగ్దలీన అను పేర్లును అక్కడ వినవచ్చును. పేరు పెట్టుట తెలుగువారికి తేలికపాటి పని కాదు. ఇలువేల్పు పేరో, గతించిన అవ్వ పేరో, మ్రొక్కు తీర్చిన దేవత పేరో బిడ్డకు సంక్రమించుట వాడుక. తాను గౌరవింపని పేరును ఏ తల్లియు తన బిడ్డకు పెట్టదు. కావున మగ్దలేనమ్మ అను పేరు వెనుక ఒక స్త్రీకి మరియొక స్త్రీయెడల గల అభిమానము దాగియున్న దనుట సాహసము కాదు.

అయినను గ్రంథములు తిరుగవేసినచో వేరొక మగ్దలేన కనబడును. చిత్రపటములలో ఆమె విరబోసిన జుట్టుతో, కన్నీటితో, పాపభారమున క్రుంగిన స్త్రీ. ఉపన్యాసములలో ఆమె పశ్చాత్తాపము చెందిన వేశ్య. ఆంగ్ల నిఘంటువులలో ఆమె పేరు సామాన్యనామమై, నడత మార్చుకొన్న వేశ్య యను అర్థమున నిలిచియున్నది. తల్లుల అభిమానమునకును, పండితుల వ్యాఖ్యానమునకును నడుమ ఇంతటి యగాధ మేల యేర్పడినది? ఈ రెంటిలో మూలగ్రంథమునకు సమీపమైనది తల్లుల అభిమానమే యనియు, వ్యాఖ్యానము చేసిన పొరపాటును తెలుగు అనువాదమందలి ఒక క్రియాపదము తెలియకయే బలపరచుచున్న దనియు చూపుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట మూలము చెప్పునది విచారింపవలెను. నాలుగు సువార్తలయందును మగ్దలేనే మరియ పేరు కలదు. లూకా సువార్త ఎనిమిదవ అధ్యాయము ఆమెను తొలిసారి పరిచయము చేయును. యేసు ఊరూర సంచరించునప్పుడు పండ్రెండుగురు శిష్యులతోపాటు కొందరు స్త్రీలును వెంట నుండిరి. వారిలో మొదట పేర్కొనబడినది మగ్దలేనే మరియ. పిమ్మట హేరోదు గృహనిర్వాహకుడైన కూజా భార్య యోహన్న, సూసన్న మున్నగువారు. వీరందరును తమ సొంత ఆస్తితో ఆ బృందమును పోషించిరి. అనగా సువార్తాకారుని దృష్టిలో మరియ దిక్కులేని దీనురాలు కాదు. ధనము గలది, ఆ ధనమును తన యిష్టానుసారము వ్యయము చేయగల స్వాతంత్ర్యము గలది.

ఆమె పేరు విషయము తెలుగు పాఠకునకు సులభముగా బోధపడును. మగ్దలేనే యనగా మగ్దల యను ఊరి స్త్రీ. ఆ ఊరు గలిలయ సరస్సునకు పడమటి తీరమున నుండెడిది. 2009లో అక్కడ జరిగిన త్రవ్వకములలో క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాటి యూదుల ప్రార్థనామందిరము బయల్పడినది. ఆ శబ్దమునకు మూలార్థము బురుజు. సువార్తలలో మరియ యను పేరుగల స్త్రీలు పలువురు గలరు. వారిలో ఒకతె యాకోబు తల్లి, మరియొకతె క్లోపా భార్య, వేరొకతె యేసు తల్లి. మగ్దలేనే మరియ మాత్రము ఏ పురుషుని పేరును ఆశ్రయింపక, తన యూరి పేరుతోనే ప్రసిద్ధి గాంచినది. తెలుగువారి యింటిపేర్లలో ననేకములు ఊరి పేర్లే. ఇట్టి స్థలవాచకమునుండి ఒక స్త్రీ శీలమును ఊహించుట ఏ భాషాశాస్త్రమునకును సమ్మతము కాదు.

ఆమెనుండి ఏడు దయ్యములు వదలిపోయినవని లూకా వ్రాసినాడు. పిమ్మటి వ్యాఖ్యాతలు ఈ మాటనే పట్టుకొనిరి. కాని సువార్తలలో దయ్యము పట్టినవారు రోగులుగా వర్ణింపబడిరే గాని పాపాత్ములుగా కాదు. మాటలాడలేని బాలుడు, సమాధులలో తిరుగు ఉన్మాది మొదలగువారి కథలు చూచిన నిది స్పష్టము. వారిలో ఎవరి నడవడినిగూర్చియు సువార్తాకారులు ప్రశ్నింపలేదు. తెలుగు పల్లెలలోను గాలి సోకినదనియు, దయ్యము పట్టినదనియు చెప్పబడు స్త్రీని జనులు జబ్బుపడినదానిగా భావించి వైద్యునియొద్దకో, భూతవైద్యునియొద్దకో కొనిపోవుదురు గాని, ఆమె వేశ్యయని యెవరును తలపరు. ఏడు అను సంఖ్య వ్యాధి తీవ్రతను తెలుపును. అంతకుమించి దానియందు రహస్య మేమియు లేదు.

ఆమె మహత్త్వము కథాంతమున వెల్లడియగును. శిష్యులలో పెక్కుమంది పారిపోయిన వేళ సిలువయొద్ద నిలిచినవారిలో ఆమె యొకతె. సమాధిని చూచినవారిలోను ఆమె కలదు. యోహాను సువార్త ఇరువదవ అధ్యాయము ఆమెను ఇంకను స్పష్టముగా చిత్రించినది. ఇంకను చీకటిగా నుండగనే ఆమె సమాధియొద్దకు వచ్చి, రాయి తొలగింపబడియుండుట చూచి, పరుగెత్తి పేతురునకు తెలిపినది. అతడును మరియొక శిష్యుడును వచ్చి, చూచి, ఇండ్లకు మరలిపోయిరి. ఆమె మాత్రము పోలేదు. ఏడ్చుచు అక్కడనే నిలిచినది. ఎదుట నిలిచినవానిని తోటమాలి యనుకొన్నది. అతడు ఆమెను పేరు పెట్టి పిలువగనే గుర్తించి, రబ్బూని యని పలికినది. గ్రీకు భాషలో వ్రాయబడిన ఆ గ్రంథమున ఈ యొక్క మాట ఆమె మాతృభాషలో యథాతథముగా నిలిచిపోయినది. బోధకుడని దాని యర్థమును సువార్తాకారుడు ప్రక్కనే వివరించినాడు. శిష్యురాలు గురువును గుర్తించిన క్షణము అనువాదమునకు లొంగనిదిగా ఆయనకు తోచియుండవచ్చును.

పిమ్మట ఆమెకు ఒక పని యప్పగింపబడినది. తాను చూచినదానిని తక్కిన శిష్యులకు పోయి చెప్పుటయే యా పని. ఆమె పోయి చెప్పినది. లూకా చెప్పిన ప్రకారము స్త్రీలు తెచ్చిన యీ వార్తను శిష్యులు వెర్రిమాటలుగా నెంచి నమ్మలేదు. మగ్దలేనను అపార్థము చేసికొనుట మధ్యయుగమున మొదలయినది కాదు. ఆమె నోరు విప్పిన తొలిదినముననే మొదలయినది. 1896లో కైరోలో లభించి, 1955లో ముద్రణమందిన కోప్తిక్ భాషాప్రతి యొకటి మరియ సువార్త యను పేరుతో ప్రసిద్ధము. ఆ ప్రాచీనగ్రంథమునను ఆమె మాటను పేతురు శంకించును. లేవి యను శిష్యుడు ఆమె పక్షమున వాదించును. స్త్రీ సాక్ష్యము చెల్లునా యను వివాదము తొలి శతాబ్దములనుండియు ఆమె పేరును చుట్టుకొనియున్నదని దీనివలన తెలియుచున్నది.

ఇట్టి స్త్రీ వేశ్య యెట్లయినది? లూకా సువార్త ఏడవ అధ్యాయము చివర ఫరిసీయుడైన సీమోను ఇంట జరిగిన విందు కథ గలదు. పాపాత్మురాలైన ఒక స్త్రీ అక్కడికి వచ్చి, యేసు పాదములను కన్నీటితో తడిపి, తలవెండ్రుకలతో తుడిచి, అత్తరు పూసినది. ఆమె పేరు చెప్పబడలేదు. యోహాను సువార్తలో బేతనియ గ్రామపు మరియ, మార్త చెల్లెలు, యేసు పాదములకు అత్తరు పూసినది. ఈమె పేరు చెప్పబడినది కాని పాపాత్మురాలని చెప్పబడలేదు. ఒక కథనుండి పాపమును, ఒక కథనుండి పేరును, వేరొకచోటినుండి ఏడు దయ్యములను తీసి కలిపినచో కొత్త మగ్దలేన సిద్ధమగును. ఈ కలయికకు ప్రామాణ్యము కల్పించినవాడు రోముపీఠాధిపతి మొదటి గ్రెగోరి. 591లో చేసిన ధర్మోపన్యాసమున ఆయన ముగ్గురు స్త్రీలును ఒక్కరే యనియు, ఏడు దయ్యములనగా సమస్త దుర్గుణములనియు వివరించెను. ఆయన యుద్దేశము చెడ్డది కాదు. కరవుకాటకములచే, తెగుళ్లచే క్రుంగిన ప్రజకు, ఎంతటి పాపికైనను క్షమ గలదని ధైర్యము చెప్పుటయే ఆయన తలంపు. కాని సదుద్దేశముతో చేసిన పాఠసంకరము కూడ పాఠసంకరమే. తూర్పు దేశపు సంఘములు దీనిని అంగీకరింపక, ఆమెను సుగంధద్రవ్యములు కొనిపోయిన స్త్రీగాను, అపొస్తలులతో సమానురాలుగాను నేటివరకు కొనియాడుచున్నవి.

ఒకసారి ద్వారము తెరచిన పిమ్మట కథలు గుంపులుగా ప్రవేశించినవి. ఎడారిలో తపస్సు చేసిన ఐగుప్తు దేశపు మరియ యను వేరొక పునీతురాలి చరిత్రయు, వెండ్రుకలే వస్త్రముగా నున్న ఆమె రూపమును మగ్దలేనకు సంక్రమించినవి. ఫ్రాన్సు దేశపు ప్రోవాన్సు తీరమున ఆమె దిగినదను కథ పుట్టినది. ఏడుపుగొట్టు స్వభావమును తెలుపు మాడ్లిన్ అను ఆంగ్లపదము ఆమె పేరునుండి వచ్చినదే. అంతటితో నిలువలేదు. 1758లో లండనులో వేశ్యల యుద్ధరణమునకై వెలసిన ఆశ్రయగృహమునకు ఆమె పేరే పెట్టబడినది. ఐర్లండులో ఆ పేరుగల చాకలి కర్మాగారములలో అనేకులైన స్త్రీలు ఏండ్ల తరబడి వేతనము లేని చాకిరి చేసిరి. వారిలో చాలమంది వేశ్యలు కారు. అవివాహితలైన తల్లులు, అనాథలు, ఎవరికిని అక్కరలేని బాలికలు. వానిలో చివరిది 1996లో మూతపడినది. 2013 ఫిబ్రవరిలో ఐర్లండు ప్రధానమంత్రి దేశము పక్షమున ఆ స్త్రీలకు క్షమాపణ చెప్పెను. గ్రంథమున జరిగిన పాఠసంకరము గ్రంథముననే యుండిపోదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఈ చీకటికాలమునను ఆమెను యథార్థముగా గుర్తించిన స్త్రీలు లేకపోలేదు. క్రిస్టీన్ ద పిజాన్ ఇరువదియైదేండ్ల ప్రాయమున భర్తను గోలుపోయి, పారిస్ నగరమున కలము పట్టి కుటుంబమును పోషించుకొన్న రచయిత్రి. 1405 ప్రాంతమున ఆమె వ్రాసిన స్త్రీల నగరము అను గ్రంథమున, స్త్రీలు వదరుబోతులని నిందించు పురుషులకు ఆమె చెప్పిన సమాధానము గమనింపదగినది. స్త్రీల మాటకు విలువ లేనిచో పునరుత్థానమను మహావార్తను మగ్దలేన నోట చెప్పించుట క్రీస్తునకు ఉచితమా యని ఆమె వాదసారము. ఆనాటి కలగలుపు కథను క్రిస్టీన్ పూర్తిగా విడిచినది కాదు. మగ్దలేన కన్నీటినిగూర్చియు ఆమె వ్రాసినది. అయినను ఆమె తన నగరమునకు పునాదిరాళ్లలో నొకటిగా తీసికొన్నది మగ్దలేన పలికిన మాటనే. మాటలతో జీవించిన స్త్రీ, మాటను నమ్మని లోకమున, మాట తెచ్చిన స్త్రీని తన వంశమాతగా నెంచుకొనుట సహజము.

స్పెయిను దేశపు పునీత అవిలా తెరేసా అభిమానము వేరొక తెరగు. ఆమె తన యాత్మకథలో మగ్దలేనయందు తనకు గల భక్తిని, విశేషించి మగ్దలేన హృదయపరివర్తనమును తలచుకొనుటను వెల్లడించినది. తెరేసా ఆరాధించినది గ్రెగోరి కల్పించిన మగ్దలేననే. ఇక్కడ ఒక ఆక్షేపము రాగలదు. ఆ కలగలుపు రూపమే తెరేసావంటి మహనీయురాలికి ఊరట నిచ్చినప్పుడు, దానిని విడదీయుటవలన లాభ మేమి? పాపులకు ఆశాదీపమైన మూర్తిని పండితులు ఆర్పివేయుట లేదా? ఈ ఆక్షేపము తేలికగా త్రోసివేయదగినది కాదు. అయినను సమాధానము గలదు. సీమోను ఇంటికి వచ్చిన స్త్రీ ఎక్కడికిని పోలేదు. పేరు లేకయే ఆమె తన స్థానమున నిలిచియున్నది. ఆమె పొందిన క్షమయు, ఆమె చూపిన ప్రేమయు ఆమెవే. ఆమె కథ ఊరట నిచ్చుటకు మరియొక స్త్రీ పేరును అరువు తెచ్చుకొనవలసిన పని లేదు.

విడదీయు యత్నమును పండితులు ముందే చేసిరి. ఫ్రాన్సు దేశీయుడైన జాక్ లెఫెవ్ర్ దెతాప్ల్ 1517లో ముగ్గురు స్త్రీలును వేరువేరని నిరూపింప బూనగా, 1521లో పారిస్ విశ్వవిద్యాలయపు వేదాంతపండితులు ఆ వాదమును ఖండించిరి. మూలభాషను చదివి చెప్పినవాడు దోషి యయ్యెను. పరంపరను వల్లించినవారు న్యాయమూర్తులైరి. 1969లో గాని రోమన్ కథోలిక సంఘపు పంచాంగము ఆమెను తక్కిన యిద్దరినుండి వేరుచేయలేదు. 2016 జూన్‌లో ఫ్రాన్సిస్ పోపు కాలమున జూలై 22వ తేదీనాటి ఆమె స్మరణదినమునకు అపొస్తలుల పండుగలతో సమానమైన స్థాయి యీయబడినది. అపొస్తలులకు అపొస్తలురాలు అను ప్రాచీన బిరుదమును ఆ సందర్భమున మరల స్మరించిరి. లెక్కించినచో 591నుండి 1969వరకు 1,378 సంవత్సరములు. ఒక వ్యాఖ్య తన మూలమును ఇంత దీర్ఘకాలము కప్పివేయుట సాహిత్యచరిత్రలో అరుదు.

భారతీయ భాషలకు ఈ కథ పడమటినుండి కలగలుపు రూపముననే వచ్చినది. మలయాళమున వళ్ళత్తోళ్ నారాయణ మేనోన్ 1921లో రచించిన మగ్దలన మరియం అను ఖండకావ్యము సుప్రసిద్ధము. అన్యమతస్థుడైన మహాకవి క్రైస్తవకథను ఇంతటి ఆర్ద్రతతో స్వీకరించుట భారతీయ సాహిత్యమునకే గౌరవము. కాని అందలి నాయిక సీమోను ఇంట పాదములు కడిగిన స్త్రీయే. కవిని తప్పుపట్టుట న్యాయము కాదు. ఆయన కాలమునకు రోమునగరమే అట్లు చెప్పుచుండెను. అయితే నేడు ఆ కావ్యమును బోధించువారును, అనువదించువారును, తులనాత్మకముగా విమర్శించువారును ఈ భేదమును ఒక వాక్యములోనైనను తెలుపుట తమ విధిగా నెంచవలెను. కావ్యసౌందర్యమునకు దానివలన లోపము రాదు.

ఈ చర్చ కేవలము గ్రంథాలయములకు పరిమితమైనది కాదు. ఢిల్లీలో యమునకు తూర్పున లక్ష్మీనగర్ అను పేట గలదు. దేశపు నలుమూలలనుండి వచ్చిన ఉద్యోగులును, పరీక్షలకు శిక్షణ పొందు విద్యార్థులును అద్దె యిండ్లలో నిండియున్న స్థలమది. కృష్ణా గుంటూరు సీమలనుండి వచ్చి అట్టిచోట కాపురమున్న తెలుగు తల్లిని ఒకతెను ఊహింపవచ్చును. తన అవ్వ పేరని, తన పునీతురాలి పేరని ఆమె బిడ్డకు మగ్దలీన యని పేరు పెట్టినది. పల్లెలో ఆ పేరు వివరణ కోరలేదు. అక్కడ అది మగ్దలేనమ్మగారి మనుమరాలి పేరు. ఢిల్లీలో ఆ బాలిక ఆంగ్లమాధ్యమమున చదువుకొనును. ఒకనాడు నిఘంటువు తెరచి తన పేరునకు అర్థము చూచుకొనును. అందు కనబడునది చదివి, అమ్మా, ఈ పేరు నా కెందుకు పెట్టితివి, అని అడుగును. తల్లి హృదయమునకు సమాధానము తెలియును. కాని చేత గ్రంథము లేదు. తెలుగు పండితులు ఆ తల్లి చేతికి ఈయదగిన నాలుగు పుటల గ్రంథమైనను ఉండవలెను.

ఇక క్రియాపదము మాట. సమాధియొద్ద యేసు మరియతో పలికిన మొదటి యాజ్ఞ, ప్రొటెస్టంటు సంఘములలో చిరకాలముగా వాడుకలోనున్న తెలుగు అనువాదమున, ముట్టుకొనవద్దు అను రూపమున నున్నది. నోలి మే తాంగెరె అను లాటిను అనువాదమునకును, 1611నాటి ఆంగ్ల అనువాదమునకును ఇది సమానమే. కాని ఒక భాషలో నిర్దోషమైన పదము మరియొక భాషలో నిర్దోషముగా నుండదు. తెలుగున ముట్టు అనునది స్పర్శార్థమందు క్రియ. అదియే నామవాచకమైనప్పుడు స్త్రీల నెలసరి యశౌచము. అంటుముట్టు అను జంటపదము పుట్టినది ఈ యర్థమునుండియే. ముట్టరాదు, ముట్టవద్దు అను మాటలు తెలుగు సమాజమున ఎవరు ఎవరితో పలికిరో అందరకును విదితము. బహిష్టయైన స్త్రీతో ఇంటివారు పలికిరి. మాలమాదిగలతో అగ్రవర్ణములవారు పలికిరి.

ఈ మాటను వినినవారెవరో స్మరింపవలెను. 1878 జూలైలో ఒంగోలు సమీపమున ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. అటుపిమ్మట దశాబ్దములపాటు తెలుగు క్రైస్తవసంఘము ప్రధానముగా అస్పృశ్యులుగా నెంచబడినవారితోనే పెరిగినది. వారి స్త్రీలలో అనేకులు బైబిలు స్త్రీలను పేర ఊరూర, ఇంటింట తిరిగి వార్త చెప్పిరి. ఆ పని మగ్దలేన చేసిన పనియే. మగ్దలేనకు తగిన తెలుగు వారసురాండ్రు వారే. అట్టివారు ఈస్టరు ఉదయమున గుడిలో కూర్చుండి, తమ పునీతురాలితో ప్రభువు ముట్టుకొనవద్దని పలుకుట వినిరి. ఆమె పాపాత్మురాలని ఉపదేశకుడు ముందే చెప్పియుండగా, ఆ నిషేధమునకు వారికి తోచెడి కారణము వేరుగా చెప్పనక్కరలేదు.

మూలము అట్లు లేదు. గ్రీకున అక్కడ నున్న క్రియ హప్తొమై. దానికి తాకుట, పట్టుకొనుట, అంటిపెట్టుకొనియుండుట అను అర్థములు గలవు. అక్కడ ప్రయుక్తమైనది వర్తమానకాలపు నిషేధరూపము. జరుగుచున్న పనిని ఆపుమని చెప్పునప్పుడు ఆ రూపము సాధారణముగా వాడబడును. ఆమె అప్పటికే ఆయన పాదములు పట్టుకొనియుండగా, ఇక విడువుము, పోయి చెప్పవలసిన పని గలదు, అని సందర్భార్థము. ఈ యర్థమునే నేటి పెక్కు అనువాదములు గ్రహించినవి. మత్తయి సువార్తలో స్త్రీలు ఆయన పాదములు పట్టుకొనిరి, నిషేధము లేదు. అదే యోహాను అధ్యాయమున తోమాను, చేయి చాచి గాయమును చూడుమని ఆయనయే పిలిచెను. కావున స్పర్శదోషమను భావమునకు అక్కడ తావు లేదు.

ఇంకొక విశేషము. ఇదే హప్తొమై క్రియ లూకా ఏడవ అధ్యాయమున సీమోను మనోగతములో కలదు. తన్ను ముట్టుచున్నది ఎట్టి స్త్రీయో ఈయన యెరుగడే యని అతడు తలచెను. రక్తస్రావముతో పండ్రెండేండ్లు బాధపడిన స్త్రీ ఆయన వస్త్రమును ముట్టినదని చెప్పునప్పుడును ఇదే క్రియ. ఆ రెండు సందర్భములలోను యేసు స్పర్శను నిరాకరింపలేదు. ముట్టిన స్త్రీని మెచ్చుకొని పంపెను. స్పర్శను ఆక్షేపించినవాడు ఫరిసీయుడు. ఇరువదవ అధ్యాయమందలి తెలుగు క్రియను అశౌచార్థమున వినినచో, ఫరిసీయుని మాటను ప్రభువు నోట పెట్టినట్లగును. మగ్దలేనను పాపాత్మురాలిని చేసిన వ్యాఖ్యయు, ఈ యనువాదమును ఒకదాని కొకటి తోడుపడి, మూలమున లేని ఒక తిరస్కారమును సృష్టించినవి. పట్టుకొని యుండవద్దు అనియో, నన్ను విడువుము అనియో తెలిగించినచో ఈ చిక్కు విడిపోవును. శతాబ్దకాలముగా జనుల నాలుకలపై నున్న పాఠమును మార్చుట సులభము కాదు. మార్చుటకు అధికారము సంఘములది. కాని అధస్సూచికలో భాషాసత్యమును తెలుపుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు.

తెలుగు సాహిత్యచరిత్రలో ఈ విషయమునకు దగ్గరి పోలిక యొకటి గలదు. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమున వెలసిన ముద్దుపళని రాధికాసాంత్వనమును రచించినది. వీరేశలింగము పంతులువంటి సంస్కర్త ఆమె కావ్యమును తూచునప్పుడు ఆమె వేశ్యాకులమును ముందుకు తెచ్చెను. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యమును పరిష్కరించి ప్రకటింపగా, ప్రభుత్వము దానిని నిషేధించినది. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. ఇద్దరు స్త్రీల కథలును ఒక్కటి కావు. ముద్దుపళని దేవదాసీ కులమున జన్మించుట సత్యము. మగ్దలేన వేశ్యయనుట అసత్యము. కాని రెండుచోట్లను జరిగిన పని యొక్కటే: స్త్రీ యేమి చెప్పినదని విచారించుటకు ముందు ఆమె యెవతె యని విచారించుట. రెండుచోట్లను న్యాయము చేయ బూనినవారిలో మరియొక స్త్రీ అభిమానము ముందు నిలిచినది.

ఈ సందర్భమున రెండు జాగ్రత్తలు అవసరము. మగ్దలేన వేశ్య కాదు గనుక గౌరవింపదగినదని వాదించుట ఒక దోషము. ఆ వాదమున వేశ్య గౌరవమునకు అర్హురాలు కాదను భావము గర్భితమై యున్నది. లూకా ఏడవ అధ్యాయము దానికి విరుద్ధము. ఆమె వేశ్య కాదనుట గౌరవమునకై కాదు, సత్యమునకై. రెండవది, నేటి నవలలును చలనచిత్రములును ఆమెను యేసు భార్యగా చిత్రించి, తాము ఆమెకు న్యాయము చేసితిమనుకొనుట. నాలుగు సువార్తలలో దానికి ఆధారము లేదు. వేశ్యగానో, భార్యగానో, అనగా పురుషసంబంధముననే ఆమెను నిర్వచించు అలవాటు మారలేదని మాత్రము దానివలన తెలియును. తన యూరి పేరుతో, తన ధనముతో, తన కంటితో చూచినదానిని తన నోటితో చెప్పిన స్త్రీగా ఆమెను నిలువనిచ్చుటకు లోకము ఇంకను సిద్ధముగా లేదు.

భారతీయ భాషల యాచార్యులు చేయదగిన పనులు మూడు. నిఘంటువులలోను, విజ్ఞానసర్వస్వములలోను మగ్దలేన శబ్దమునకు స్థలవాచకార్థమును ముందు చెప్పి, వేశ్యార్థము పాశ్చాత్యుల పరంపరాగతమైన పొరపాటని తెలుపవలెను. మన భాషల బైబిలు అనువాదములలో యోహాను ఇరువదవ అధ్యాయమందలి ఆ యొక్క క్రియను ఎట్లు తెలిగించిరో, తమిళించిరో, కన్నడించిరో పోల్చి పరిశోధింపవలెను; స్పర్శకు ఒక్కొక్క భాషలో ఎట్టి సాంఘికార్థము అంటుకొనియున్నదో దానివలన తెలియును. బైబిలు స్త్రీల జీవితములను, మగ్దలేనమ్మలను పేర్లుగల అవ్వల నోటికథలను సేకరింపవలెను. ఇందులో చివరిది మొదట చేయవలసినది. నిఘంటువు రేపును ఉండును. ఆ యవ్వలు ఉండరు. తమ పేరునకు అర్థమేమని ఇంతవరకు వారినే యెవరును అడుగలేదు.